మూడో అంతస్తులో దిగని డాక్టరుగారు

పంతొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం జూలై అయిదవ తేదీ, సోమవారం ఉదయం, మన ఆసుపత్రి మూత్రవ్యాధుల శస్త్రచికిత్సా విభాగంలో సహాయ వైద్యులుగా బాధ్యతలు స్వీకరించిన మన పెద్ద డాక్టరుగారు, ఆనాడు చేసిన మొట్టమొదటి పని పరీక్ష గదిలో ఫ్యాను ఆపివేయడం. "ఇంత ఉక్కలో ఫ్యాను ఆపుతారేమిటండీ!" అని నర్సమ్మ విసుక్కుంటే, "చలికి ముడుచుకుపోయిన మనిషిలో నాకేం దొరుకుతుందమ్మా?" అంటూ అరచేతులు రుద్దుకున్నారట. అది మొదలు, వారు రోగిని చూస్తుండగా ఆ ఫ్యాను తిరిగిన పాపాన పోలేదు. చెమటలు కక్కిన సహోద్యోగులం మాత్రం ఎందరమో ఉన్నాము.

సంతానం కోసం దంపతులు వస్తే, పరీక్షలన్నీ భార్యకు, వరండాలో పత్రిక చదువుకోవడం భర్తకు అన్న అలవాటు ఆ రోజుల్లో పాతుకుపోయి ఉండేది. వారు దానికి స్వస్తి పలికారు. ఇద్దరూ కలిసి రావలసిందే, చలికి ఒళ్లు బిగుసుకోని వెచ్చటి గదిలో భర్తను నిలబెట్టి, ఊపిరి బిగబట్టించి చూడవలసిందే. వృషణాల పైనుండే రక్తనాళాలు ఉబ్బినా, పడుకోగానే రక్తం జారిపోయి వాపు కనుమరుగవుతుందనీ, పడుకోబెట్టి చూసిన వైద్యుడు నిక్షేపంగా మోసపోతాడనీ వారు ప్రతి కొత్త బ్యాచికీ చెప్పేవారు. విభాగాధిపతులై, సూక్ష్మదర్శిని సాయంతో చేసే శస్త్రచికిత్సను ఇక్కడ నెలకొల్పిన తరువాత కూడా ఈ పాఠం ఇంకెవరికీ అప్పగించలేదు.

ఇక మన లిఫ్టు ఆపరేటరుగారి ముచ్చట. ఇది ఆయన అనుమతితో, నిజం చెప్పాలంటే ఆయన పోరు పడలేక రాస్తున్నది.

ఆయనకు పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు లేరు. బయట ఎక్కడో ఆయనను హడావుడిగా పడుకోబెట్టి చూసి, అంతా బాగుందని పంపించేశారు. దాంతో లోపమంతా కోడలిదేనని ఇంట్లో తేల్చేశారు. నెలాఖరుకు ఆమెను పుట్టింటికి పంపి, ఆయనకు వేరే సంబంధం చూడాలని పెద్దలు నిశ్చయించారు. భార్యంటే ఆయనకు ప్రాణం, తల్లి ముందు నోరు పెగలదు. రోజూ డాక్టరుగారు లిఫ్టు ఎక్కగానే "సార్, ఒక్క మాట" అనేవారు. అంతలో మూడో అంతస్తు వచ్చేది, తలుపు తెరుచుకునేది, ఆ మాట గొంతులోనే ఉండిపోయేది. సిగ్గు అలాంటిది.

ఒకనాడు తలుపు తెరుచుకున్నా డాక్టరుగారు కదలలేదు.

"సార్, మీ అంతస్తు."

"తెలుసులేవయ్యా. పైకి పోనీ. ఆ ఒక్క మాటేదో ఇవాళ వినే దిగుతాను."

పై అంతస్తు చేరేలోపు ఆయన ఏడుస్తూ అంతా కక్కేశారు. మర్నాడు భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఫ్యాను ఆగింది. ఆయనను నిలబెట్టి, ఊపిరి బిగబట్టమన్నారు. ఎడమవైపు నాళాలు చిక్కుపడ్డ నూలులా చేతికి తగిలాయి. వీర్య పరీక్షలో బీజకణాలు బాగా తక్కువగా తేలాయి.

ఈసారి తల్లిని కూడా పిలిపించి కూర్చోబెట్టారు.

"చూడమ్మా, ఇక్కడి రక్తం పైకి పోకుండా వెనక్కి జారి నిలిచిపోతోంది. దాంతో అక్కడ వేడి పెరుగుతుంది. బీజకణాలకు వేడి గిట్టదు. ఈ వాపున్న మగవాళ్లలో చాలామందికి పిల్లలు పుడుతూనే ఉన్నారు. కానీ మీవాడికి కణాలు తగ్గాయి. చిన్న ఆపరేషన్ చేస్తే చాలామందికి మెరుగవుతుంది. పిల్లలు పుట్టి తీరతారని మాత్రం నేను మాటివ్వను."

"మరి మా కోడలిలో..."

"ఏ పరీక్షలోనూ ఏమీ లేదు. మీవాడి తప్పూ కాదు."

ఆ తల్లి కోడలి వైపు తిరిగారు. "అయ్యో, ఎంతెంత మాటలన్నానే నిన్ను!" అని కోడలి చెయ్యి పట్టుకున్నారు. ఆ కోడలు కన్నీళ్లతోనే, "ఆపరేషన్ ఫలించినా, ఫలించకపోయినా ఈ మాట చాలు సార్. గుండెల మీది బండ దిగింది" అన్నారు. పుట్టింటి ప్రయాణం ఆ గదిలోనే రద్దయింది.

శస్త్రచికిత్స జరిగింది. కొన్ని నెలలకు కణాలు పెరిగాయి. మరుసటి ఏడాది ఒక ఉదయం డాక్టరుగారు లిఫ్టు ఎక్కితే, అది మూడో అంతస్తు దాటిపోయింది, నాలుగు దాటిపోయింది. "ఏమయ్యా, ఎక్కడికి తీసుకుపోతున్నావు?" అంటే, "సార్, ఒక్క మాట... మా ఆవిడకు నెల తప్పింది" అని ఆయన గోడకు ఆనుకుని భోరున ఏడ్చేశారట. పై అంతస్తులో లిఫ్టు కోసం నిలుచున్నవారు ఏ ఘోరం జరిగిందోనని హడలిపోతే, "ఏం లేదు, శుభవార్త!" అని డాక్టరుగారే చెప్పవలసి వచ్చింది. నాడు కడుపున పడిన అమ్మాయి నేడు హైస్కూలు చదువుతున్నది.

ఇన్ని సంవత్సరాలు రోగులను నిలబెట్టి, వారి ఎదుట తామూ గంటల తరబడి నిలుచుని, మోకాళ్లు అరగదీసుకున్న ఈ మహనీయులకు పదవీ విరమణ సందర్భంగా వీడ్కోలు పలుకుతున్న వేళ, లిఫ్టు ఆపరేటరుగారు తమ స్టూలుకు కొత్త దిండు కుట్టించి సిద్ధంగా ఉంచారు. "వెళ్లే రోజు సార్ కూర్చోవాల్సిందే, నేను నిలబడతాను. కిందికి మాత్రం నెమ్మదిగా దించుతాను" అంటున్నారు. డాక్టరుగారు ఆ స్టూలు మీద ఆసీనులై దిగి, తమ శ్రీమతి గారితో, పిల్లలతో, ఫ్యాను గాలి హాయిగా తగిలే గదిలో, సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్లు చల్లగా ఉండాలని మన విభాగం యావత్తూ మనసారా కోరుకుంటున్నది.