ఎడమ నుంచి వచ్చిన ఆరుంబావు బండి

సభకు పెద్దగా కూర్చున్న మన రేడియో కేంద్రం డైరెక్టరు గారికి, నాకు పని నేర్పి, ఈరోజు కూడా నేనెక్కడ తడబడతానో అని ముందు వరుసలో చెవులు రిక్కించుకుని కూర్చున్న పాత ఇంజనీరు గారికి, నా రికార్డింగులకు తన గొంతిచ్చిన అనౌన్సరు అక్కయ్యకు, తోటివారికి, గోడ గడియారం వంక చూస్తున్న మా ఆవిడకు నమస్కారం. ముందుగా ఒక మనవి. ఈ వేదిక మీది మైకు కీచుమంటోంది. దీన్ని పెట్టింది మాత్రం నేను కాదు. (నవ్వులు)

ఇందాక డైరెక్టరు గారు నా ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఒక్క తప్పు కూడా దొరకలేదన్నారు. దొరకలేదన్న మాట నిజమే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నా పని ఊళ్ళోని చప్పుళ్ళను రికార్డు చేసి తేవడమని కొత్తగా చేరిన పిల్లలకు తెలియకపోవచ్చు. మన స్టీరియో కండెన్సర్ మైకు చూడటానికి జానెడు గొట్టం. కానీ ఆ గొట్టంలో రెండు చెవులుంటాయి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. మహా సుకుమారం. గాలి తగిలితే బుసకొడుతుంది, చెమ్మ తగిలితే చిటపటలాడుతుంది. గాలికి బొచ్చు తొడుగు వేస్తే వీధి కుక్కలు దాన్ని చూసి మొరిగేవి. వానాకాలంలో ఆఫీసు గదులన్నీ చెమ్మే కాబట్టి, డైరెక్టరు గారు మన్నించాలి, దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి బీరువాలో పెట్టేవాణ్ణి. "నా బట్టలు కుర్చీ మీద, మీ మైకు బీరువాలోనా?" అని మా ఆవిడ అడగని వానాకాలం లేదు. గొడుగు ఒక్కటే ఉన్నప్పుడు అది ఎవరికి పట్టానో నన్నడక్కండి, ఆమె ఇక్కడే ఉంది. (నవ్వులు)

అలా కాపాడుకున్నాను కాబట్టే, రేకుల మీద వాన ఎలా కురుస్తుందో, బడి వదలగానే పిల్లలు మెట్ల మీద ఎటు పరుగెడతారో, ఇళ్ళలో కూర్చున్నవాళ్ళకు ఎడమది ఎడమగా, కుడిది కుడిగా అందించగలిగాను. ఇది గర్వంగానే చెబుతున్నాను. తగ్గించి చెప్పుకునే అలవాటు నాకు లేదు.

ఇక అసలు సంగతి. అక్కయ్య రేడియోలో చదివే శ్రోతల ఉత్తరాల్లో మనందరికీ తెలిసిన పేరు గేటన్న. ఊరి చివర రైల్వే గేటు దగ్గర పనిచేసిన అన్నగారు. నా ప్రతి రికార్డింగుకూ ఉత్తరం రాశారు. ఈమధ్యే ఒకసారి, "వాన బ్రహ్మాండం, కుడిపక్క రేకులు బాగా మోగాయి" అని రాస్తే, రేకుల షెడ్డును నేను ఎడమవైపు ఉంచి తీశాను కదా, ఈయనకు కుడి ఎడమలు తెలియవు కాబోలని నవ్వుకున్నాను.

ఇరవై రెండేళ్ళ క్రితం ఆయన గేటు దగ్గరే పొద్దున ఆరుంబావు బండిని రికార్డు చేశాను. బండి వస్తే నేల అదిరి స్టాండు ఊగుతుందని, మైకును చెట్టుకొమ్మకు తలకిందులుగా వేలాడదీశాను. తలకిందులైతే దాని ఎడమ చెవి కుడికి వస్తుంది. అప్పుడు వైర్లు అటుదిటు మార్చాలి. మార్చలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గొప్పగా కళ్ళు మూసుకుని విన్నాను. ఎంత బాగుందో! బండి ఎటునుంచి వచ్చిందో కళ్ళు తెరిచి చూస్తే కదా.

ప్రసారమైన మర్నాడే గేటన్న సైకిలు తొక్కుకుంటూ మన ఆఫీసుకు వచ్చారు. "సార్, ఆరుంబావు బండి ఎడమ నుంచి వస్తుంది. మీ రేడియోలో కుడి నుంచి వచ్చింది. ఆ వేళకు అటునుంచి బండే లేదు. వస్తే నేను చూడకుండా ఉంటానా?" అన్నారు. ఆయన నిలబెట్టుకుంటున్నది తన పని. నేను కాపాడుకున్నది నా పేరు. "మీ ఇంట్లో స్పీకరు పెట్టెలే తారుమారుగా పెట్టుకున్నారు, మార్చుకోండి" అని పంపేశాను.

సాయంత్రం టేపు వేసుకుని విన్నాను. ఆయన చెప్పిందే నిజం. ఆ వారమే ఆ రికార్డింగును మెచ్చుకుంటూ పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మన మెట్ల దగ్గర అద్దాల చట్రంలో ఉన్నది అదే. నోరు మెదపలేదు.

పోయిన నెల ఈ సభకు పిలుద్దామని మొదటిసారి ఆయన ఇంటికి వెళ్ళాను. కుర్చీకి ఎదురుగా రెండు పెట్టెలు. కుడివైపు పెట్టె మీద చేత్తో రాసిన చీటీ: ఎడమ. నేను అటే చూస్తుంటే, "ఆ రోజు మీరు చెప్పారు కదా తమ్ముడూ, ఇంటికి రాగానే మార్చేశాను. అప్పట్నుంచీ ఇబ్బందే లేదు" అన్నారు. సభకు రమ్మని మాత్రం చెప్పి, టీ తాగి వచ్చేశాను.

నేను ఒళ్ళు దాచుకోకుండా సరిగ్గా చేసిన ఇరవై రెండేళ్ళ పనిని, అందరికంటే శ్రద్ధగా విన్న మనిషి తారుమారుగా విన్నారు. నా మాట నమ్మినందుకు. అన్నా, మూడో వరుసలో ఉన్నారు, కనిపిస్తున్నారు. మీ చెవి సరైనది. తప్పు నాది, అబద్ధమూ నాదే. ఈ ఊళ్ళో నా పనిని పట్టుకోగల చెవి ఒకటుందని ఆరోజే గర్వపడాల్సింది. సిగ్గుపడుతూనే, ఈరోజు గర్వపడుతున్నాను.

రేపట్నుంచి నాకు ఆఫీసు లేదు. పొద్దున ఆరింటికల్లా మీ ఇంటికి వస్తాను. ఆ పెట్టెలు నా చేత్తో మారుస్తాను. పాత టేపుల నకళ్ళన్నీ సంచిలో ఉన్నాయి, మొదటినుంచీ విందాం. ముందుగా మీ గేటు టేపే. వైర్లు మార్చి సరిచేశాను. సరిగ్గా ఉందో లేదో మీరే చెప్పాలి.

(మూడో వరుసలోంచి ఏదో మాట, నవ్వులు)

ఏమంటున్నారు? ఆరింటికి కాదు, ఆరుంబావుకు రమ్మంటున్నారు!

అలాగే అన్నా, ఆరుంబావుకే వస్తాను. ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మెట్ల దగ్గరి ఆ చట్రాన్ని నేను వెళ్తూ వెళ్తూ దించేస్తాను.

సెలవు.