లచ్చిమి మీద పుస్తకమొస్తాందట

— అవ్వా, డాన్సులు జేసే సువర్ణమాల మీద పుస్తకం అచ్చయితాందట. పేపర్ల ఏసిండ్రు. ఆమెది మన దేవరకొండ దిక్కేనట గద, నువ్వెరుగుదువా?

ఎరుగనా బిడ్డా? సువర్ణమాల అని పట్నమోళ్లు వెట్టిన పేరు. దాని పేరు లచ్చిమి. నా చెల్లె. ఔ, నా తోడవుట్టిన చెల్లె. గట్ల జూస్తవేందే? ఇన్నేండ్ల సంది పక్కింట్లనే ఉంటున్నవ్, నీకెన్నడు చెప్పలే. ఎవ్వలికి చెప్పలే. గీ రేకులింట్ల ముసల్దాని చెల్లె విమానాలెక్కి దేశాలు దిరిగిందంటె ఎవలు నమ్ముతరు? కూసో. పనేం లేదు గద? జర కూసో.

మేం చిందోళ్లం. ఊరూరు దిరిగి బాగోతమాడుడే మా బతుకు. బాపు మద్దెల గొట్టేటోడు, అడుగులు నేర్పేటోడు. ఆడినంక ఊరోళ్లు జొన్నలు కొలిచేది, సజ్జలు కొలిచేది. గప్పుడు బియ్యమెక్కడియి, పండుగకే. ఆఁ, ఏం జెప్తున్న? యేషాలు. నా గొంతు పెద్దది, మనిషిని గూడ పొడుగు, గందుకె మీసాలు వెట్టి నన్ను రాజును జేసేది. లచ్చిమిది నా కొడుకు యేషం. కత్తి వట్టుకొని నేను మీదికి ఉర్కొస్తె అది బెదరాలె. బెదరకపోయేది. నా మీసాలు జూసి పకపక నవ్వేది. "యేషంల నవ్వుతరానె?" అని బాపు ఆటయినంక తిట్టేది. మల్ల నవ్వేది.

ఒక ఎండకాలం దేవరకొండ ఖిల్లా కింద ఆడుతున్నం. తాసిల్దారు ఇంటికి పట్నం నుంచి సుట్టపామె వచ్చింది. డాన్సు నేర్పే పంతులమ్మ. పట్టుచీర గట్టుకొని గూడ మట్టిల కూసోని జూసింది తల్లి. తెల్లారి మా గుడిసెల కాడికొచ్చింది. "ఈ ఇద్దరు పిల్లల్ని నాతో పంపించు. తిండి, బట్ట, చదువు అన్నీ నేనే చూసుకుంటాను" అన్నది.

బాపు మద్దెల మీద చెయ్యేసి కూసున్నడు. "ఇద్దర్ని దీస్కపోతె నా ఆట బందైతదమ్మా. ఒక్కదాన్ని దీస్కపో" అన్నడు. ఎవల్నో చెప్పలే. మా ఇద్దరి దిక్కు జూసిండు గంతే. మా అమ్మ ఉబ్బసంతోని మూలకుండె. నేను లేకుంటె రాజు లేడు, రాజు లేకుంటె ఆట లేదు, ఆట లేకుంటె పొయ్యిల పిల్లి లేవది. "లచ్చిమిని దీస్కపోండ్రి" అని నేనే అన్న. అది నా నడుముకు సుట్టుకొని ఏడ్చింది. "అక్క రాకుంటె నేను పోను" అన్నది. నేనే బస్సెక్కిచ్చిన. బస్సు కొండమల్లేపల్లి తొవ్వల మర్లిపోయేదాంక నిలవడి జూసిన.

అటెంక కొడుకు యేషం మా చిన్నాయన బిడ్డకిచ్చిండ్రు. పాపం, మంచిగనే ఆడేది. నేను ఉర్కొస్తె బెదిరేది, చెప్పినట్టే బెదిరేది. బాపుకు తిట్టనీకె గూడ ఏం లేకుండవాయె. ఆటయినంక బాపు, నేను ఊకె కూసుండేది.

నాకు లగ్గమైంది, పిల్లలైన్రు. గప్పుడొకసారి నల్లగొండల లచ్చిమి డాన్సున్నదని చెప్పిండ్రు. పిల్లల్ని మా అత్త కాడ ఇడిసిపెట్టి ఒక్కదాన్నే బస్సెక్కిన. కుర్చీలల్ల పెద్దపెద్దోళ్లు, నేను గోడకు నిలవడ్డ. అబ్బ, ఏమాడింది బిడ్డా! కాలు నేలకు తాకుతాందా అనిపిచ్చింది. నా పక్కపొంటి ఒకామె ఏడుస్తాంది. నేనైతె ఏడ్వలే, రెప్ప కొడ్తె ఏం బోతదో అని జూస్తున్న.

అయినంక ఎన్కకు వోయి "లచ్చిమీ" అన్న. గిర్రున దిరిగింది. గుర్తువట్టింది. ముఖమంత వెలిగి నా రెండు చేతులు పట్టుకున్నది. గంతట్లనే, కోటేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, "ఎవరండీ వీరు?" అన్నడు.

"మా ఊరామె" అన్నది.

చేతులైతె ఇడువలే బిడ్డా. ఇంక గట్టిగనే పట్టుకున్నది. నోరే గట్లన్నది. నేను గూడ, "ఔనయ్యా, ఊరామెనే" అన్న. "బువ్వ తిన్నవా?" అని మెల్లగ అడిగింది. తిన్న అన్న. తినలే.

ఎందుకన్నదో నాకెర్క లేదా? తక్కువ కులపు చిందోళ్ల పిల్ల అంటె గా రోజులల్ల గా పెద్దోళ్లు దాన్ని డాన్సు అరుగు ఎక్కనిత్తురా? పంతులమ్మ చెప్పొద్దన్నదో, దానికే బుగులైందో. కోపం లేదు నాకు. గని ఎర్కున్నంత మాత్రాన నొప్పి లేకుంట వోతదా, నువ్వే చెప్పు. మల్ల నేను వోలే. అది రాలే. బాపు వోయిండు, మా ఆయిన వోయిండు, బాగోతం జూసెటోళ్లే లేకపాయె.

మొన్న చలికాలం లచ్చిమి వోయిందని టీవీల జెప్పిండ్రు. తలుపు వెట్టుకొని ఏడ్చిన. ఎవలన్న వచ్చి ఎవలు వోయిండ్రని అడిగితె ఏం జెప్పాలె? తోడవుట్టింది వోతె గూడ ఒక్కదాన్నే ఏడ్చిన.

గీ పుస్తకంల ఏం రాస్తరంటవ్? పంతులమ్మ ఇంటి కాడికెల్లి షురువు జేస్తరు. గంతకు ముందు దాని కాళ్లకు అడుగెవలు నేర్పిండ్రు మరి? మా బాపు గాదా?

ఏంది, రాసేటాయిన నంబరు పేపర్ల ఉన్నదా? ఫోన్ జేస్తవా? వద్దే... అది దాసుకున్న ముచ్చట నేనెట్ల బైటపెట్టాలె? ...ఏమన్నవ్? ఆఁ. నిజమే, గిప్పుడు దాన్ని ఎవలేమంటరు? ఎవ్వలు ఏం అనలేరు. నేను గూడ వోతె చెప్పెటోళ్లే ఉండరు.

చెయ్. నీ కడుపు సల్లగుండ, చెయ్ బిడ్డా.

కలిసిందా? ఆగు, నాకియ్యకు. ముందుగాల నువ్వే మాట్లాడు. ఆమె అక్క ఉన్నదని చెప్పు. గట్లనే చెప్పు, అక్క అని...