మల్కా చెవులు, నా డాక్టరీ

"తాతా, మన పిల్లి ఒకటే గోక్కుంటుంది. నా అలర్జీ గోలి సగం ఇరగ్గొట్టి పాలల్ల కలిపియ్యనా?"

ఆగాగు బిడ్డా! ఆ గోలి ముందు కింద వెట్టు. ఇట్ల కూసో. మీ తాత గిదే పని జేసి గల్లీల ఇజ్జత్ వోగొట్టుకున్నడు, ఎర్కేనా?

మేం అప్పుడు పట్నం పాతబస్తిల, మొఘల్‌పురాల కిరాయికుంటుంటిమి. మీ నాయిన రెండో తరగతి... కాదు కాదు, మూడు. నాది కార్ఖానల లేత్ మిషిన్ మీద పని. మాకొక ఎర్ర కుక్క ఉండె, రాజా అని. పేరే రాజా, వానకాలమొస్తె కడుపంత గోకి గోకి బొచ్చూడిపోతుండె. పశువుల దవాఖానకు తీస్కపోయిన. డాక్టర్ సారు సూసి, "గజ్జి గాదు, అలర్జీ" అన్నడు. తూకమేసి, పొద్దుగాల సగం, మాపటికి సగం గోలి ఇయ్యుమన్నడు. ఒంటిమీది పురుగులు గూడ ఏరుమన్నడు. మీ నాయినమ్మ దినాం కూసోని ఏరింది. పది దినాలల్ల కుక్క నున్నగైంది. ఏరింది ఆమె, డాక్టర్నైంది నేను!

మా పక్కింట్ల ఒకామె ఉండె, చిన్నమ్మ అన్నట్టు అందరం ఖాలా అని పిలుస్తుంటిమి. మొగడు సచ్చిపోయిండు, పిల్లల్లేరు. మల్కా అని తెల్లపిల్లి, అదొక్కటే తోడు. అది చెవులు గోక్కుంటుంటె ఖాలాకు మస్తు ఫికర్. "అలర్జీ ఖాలా, నేనున్న గదా" అన్న. కుక్క గోలీలేమో ఒడిసినయ్. నా జలుబుకు కొన్న గోలి జేబుల ఉండె. అండ్ల గూడ అలర్జీ మందే ఉంటదని దుకాణమాయన అన్నడు. ఇంకేం కలిపిన్రో నేనడగలె. తగ్గినంక జెప్పి షాబాష్ అనిపిచ్చుకుందామని, ఖాలా చాయ్ వెట్టనీకె లోపటికి వోంగనే, నిండు గోలి ఖీమా ముద్దల వెట్టి తినిపిచ్చిన.

గంట గాలె. పిల్లి నోట్ల నురుగు, కండ్లు ఇంతింత, గుండె టపటప, గోడలకు ఎగబడుతుంది. ఖాలా మొత్తుకుంట ఉరికొచ్చింది. నేనేమన్ననో ఎర్కేనా? "బల్లిని దిన్నట్టుంది ఖాలా" అన్న!

రిక్షా కట్టిచ్చుకొని ఉరికినం. దవాఖానల అదే సారు. "ఏం దిన్నది? నిజం జెప్పకుంటె ఏం జెయ్యాల్నో నాకు తెల్వది, ఇది దక్కది" అన్నడు. ఖాలా పిల్లి దిక్కే సూస్తుంది.

"సార్... నేనే. జలుబు గోలి. నిండుది."

సారు పెన్ను కింద వెట్టిండు. "నీ బరువెంత, దీని బరువెంత? జలుబు గోలీల అలర్జీ మందొక్కటే ఉండదయ్యా. కలిపే రెండోది పిల్లుల పానం తీస్తది." మెల్లగ చెవు తిప్పి సూసిండు. "అయినా అలర్జీ అని ఎవరు జెప్పిన్రు? చెవుల పురుగులున్నయ్!"

ఇగ నా మొఖం యాడ వెట్టుకోవాలె? ఖాలా అన్నది: "పైలే ఇసే బచ్‌నే దే, బాద్ మే తేరేకు దేఖ్తుఁ." ముందు ఇది బతకనీ, తర్వాత నీ సంగతి సూస్త అని.

సూసింది గూడ. రెండు దినాలకు పిల్లి లేచి పాలు తాగింది. దాని చెవులల్ల మందు దినాం నేనే వొయ్యాలని శిక్ష ఏసింది. పిల్లి నన్ను గీరుడు, ఖాలా గడపల కూసోని నవ్వుడు. చేతులనిండ గీతలతోటి కార్ఖానకు వోతె అక్కడొక లొల్లి. గల్లీల ఎవ్వరికి తుమ్మొచ్చినా, "మెల్లగ తుమ్మురా, డాక్టర్ సాబ్ ఇంటడు" అనేటోళ్లు.

నవ్వు, నవ్వు. గోలి అయితె తెల్వక ఇచ్చిన బిడ్డా. బల్లి అన్నది మాత్రం తెలిసే అన్న. అదే ఇప్పటికీ గుచ్చుకుంటది. నువ్వు సల్లగుండాలె. తప్పు జేస్తె జల్ది ఒప్పుకునే ధైర్యం ఆ దేవుడు నీకు నాకంటె జర ఎక్కువియ్యాలె...