రెండు దిక్కుల నీళ్లు

స్టేషన్ ఘన్‌పూర్ అవతల రాజలింగు కోళ్ల షెడ్డు. ఎవరినో ఒకరిని ఎగతాళి చేయనిదే ఆయనకు అన్నం అరగదు. ఇవాళ దొరికింది మేనకోడలు స్వప్న, పశువైద్య కాలేజీలో పరిశోధన చేసే పిల్ల. పక్కనే భార్య యాకమ్మ బిందె తోముతోంది.

“మళ్లొక్కసారి చెప్పు పిల్లా, నవ్వక చాన రోజులైంది. నువ్వు తెచ్చిన మందు సీసాల ఆ బ్యాక్టీరియా గూడ లేదంటవా?”

“లేదు మామా. మంచి బ్యాక్టీరియా పెరిగేటప్పుడు ఒక రసం ఇడుస్తది. గా రసమే వడగట్టి తెచ్చిన. కోడిపిల్ల పేగులల్ల రోగం తెచ్చేటియి దాంతోని సస్తయి.”

“అంటే పెరుగు నువ్వు తిని, మాకు తేట పోసినవ్.”

“మామా...”

“గిన్నేండ్లు సదివి మజ్జిగ తేట కాడికొచ్చినవ్. మీ నాయినేమో ఊరంత చెప్పుకుంటడు, నా బిడ్డ, నా బిడ్డ అని.”

“నాయిన సంగతెందుకు? ఎడమ దిక్కు పిల్లలకు మందు నీళ్లు, కుడి దిక్కుకు వట్టి నీళ్లు. తేడా చూద్దామన్న. గంతే.”

“సూడు మరి. ఎడమ దిక్కు ఉరుకుతున్నయ్. కుడి దిక్కు గూడ ఉరుకుతున్నయ్. ఏది తేడా?”

“కుడి దిక్కు ఒక్కటి గూడ నీళ్లోలె రెట్ట పారలేదా?”

“నా షెడ్డుల ఎందుకు పారుతయ్?”

“పక్క షెడ్డు మంగ్యన్న తెచ్చినయి గూడ గవే పిల్లలు. తెల్లగ పారి సగం పోయినయంట.”

“వాడా? వాడు కోళ్ల కింద పరిచిన ఊక తిప్పడు. వాని షెడ్డు వాసన టేషన్ దాక కొడ్తది. వాని పేరు నా ముంగట తియ్యకు.”

“రెండు దిక్కుల ఒక్కతీరుగుంటే మందు పనిచెయ్యనట్టే లెక్క. మా సారు ఆపేస్తడు మామా. నా సదువంత గీ సీసా మీదనే ఉన్నది.”

“ఆపేస్తే కోళ్లు బతుకుతయ్.”

“అత్తా, ఏంది, ఆ బిందెనే పట్టుకున్నవ్?”

“ఏం లేదు బిడ్డా.”

“నీళ్లు పోసింది నువ్వే కద. ఎడమ దిక్కు మందు కలిపినవ్ కద?”

“కలిపిన.”

“కుడి దిక్కు?”

“ఎండ ముదురుతున్నది, లోపలికి పా. చాయ్ పెడ్త.”

“అత్తా, కుడి దిక్కు?”

“చెప్పవే. వట్టి నీళ్లేనని చెప్పు, పిల్ల సంచి సదురుకుంటది.”

“ఒక్క ఇంట్ల సగం మంది పిల్లలకు పెట్టి, సగం మందిని సూసుకుంట కూసొమ్మంటే నా చెయ్యెట్ల వస్తది? రెండు దిక్కుల పోసిన. మిగిలిన సీసా మంగ్యా పెండ్లానికి ఇయ్యబోతే, ఈ తేట ఎందుకే అని మీ మామనే మోరీల ఒంపిండు.”