నల్లమట్టి పోయని ఏడో తుకడ: శ్రీ అంబాదాస్ గారి పదవీ విరమణ వేళ

1990 జూలై 9వ తేదీన బీదర్‌లోని మన వన పునరుద్ధరణ విభాగంలో క్షేత్ర సహాయకులుగా చేరిన శ్రీ అంబాదాస్ గారు, దాదాపు ముప్పై అయిదేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం ఈ మే నెలాఖరున విరమిస్తున్నారు.

తొలి పదేళ్ళు నౌబాద్ నర్సరీలో మోదుగ, రేల, చిరుమాను విత్తనాలను మొలకెత్తించారు. 2001 నుంచి చిమ్కోడ్ సమీపంలోని ఎర్రమొరం గుట్టపై ఆ స్థానిక జాతులను తిరిగి నిలబెట్టే బాధ్యత వహించారు. అప్పటి శాస్త్ర సలహాదారుగా, మొరం అనే ఆ కంకరమన్ను నిస్సారమైనది కనుక ప్రతి గుంతనూ హళ్ళిఖేడ్ చెరకు పొలాల నల్లమట్టితో నింపాలని ఆదేశించినవాణ్ణి నేను. గుట్టను తుకడలుగా, అంటే చిన్న మడులుగా, విడగొట్టి నాటిన మొక్కల్లో సగానికి పైగా చనిపోయాయి. ఏడో తుకడ మాత్రం పచ్చగా నిలిచింది. దానినే నా నల్లమట్టికి నిదర్శనంగా చూపి ఏళ్ళ తరబడి నివేదికలు రాశాను. వాటి ఆధారంగానే, ఈ వానలకు ముందు పొరుగు జిల్లాలకు పంపవలసిన మార్గదర్శిని సిద్ధమైంది.

గత నెల దాని అచ్చుప్రతిని సరిచూడమని అంబాదాస్ గారికి ఇచ్చాను. ఒక పుట దగ్గర ఆగి, "సార్, ఈ ఏడో తుకడల మీ నల్లమట్టి ఒక్క తట్ట గూడ పొయ్యలే" అన్నారు.

"మరి ఏం పోశారు?" అని అడిగాను.

"తవ్విన మొరమే మల్ల నింపిన. నల్లమట్టి ఎండకు నెర్రెలిస్తది, మొక్క ఏరు తెగుతది. మీదికెల్లి మొక్కలను మింగే కాంగ్రెస్ గడ్డి గింజలు గూడ దాంతోనే వస్తయి."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"మొదటి సాలే చెప్పిన సార్. పరీక్షల తేలింది, పొయ్యుండ్రి అని మీరే అన్నరు. కడమ తుకడలల్ల మీరు నిలబడి పోయించిండ్రు. ఏడోదానికి మీరు రాలే."

పాతికేళ్ళుగా ఆయనతో గుంతలు తవ్విన దేవమ్మ పక్కనే ఉన్నారు. "ఊకో అంబాదాసన్నా. సార్ రాలే గాని, సార్ పేరొచ్చింది గద" అన్నారు.

ఆ మాట నన్నింకా వీడలేదు. రుజువు లేనిదే దేనినీ అంగీకరించనని జీవితమంతా చెప్పుకున్నవాణ్ణి, నా నివేదికలను మాత్రం రుజువు అడగలేదు. ఇంకొక్క వారం ఆలస్యమై ఉంటే ఆ తప్పు పొరుగు జిల్లాల గుంతలన్నిటిలోకీ చేరిపోయేది. అచ్చు ఆపించాం. అంబాదాస్ గారు చెప్పగా, దేవమ్మ సవరించగా, మట్టి అధ్యాయాన్ని తిరగరాశాం. దాని రచయితలుగా వారిద్దరి పేర్లే ఉంటాయి.

అయితే ఒక్క తుకడ ఫలితాన్ని నిర్ధారిత సత్యమనలేనని ఆయనతోనూ అన్నాను. "నేన్గూడ గదే అంటున్న సార్. ఇంకో పది జాగల ఏసి సూడుండ్రి" అన్నారు. ఈ వానలకు ఇరవై తుకడల్లో నాటుతున్నాం: పదింట మొరం, పదింట నల్లమట్టి. ఫలితం తేలడానికి ఎనిమిదేళ్ళు పడుతుంది.

శుభాకాంక్షలు ఆయుష్షును పెంచుతాయనడానికి నాకు ఆధారమేదీ కనిపించలేదు. అయినప్పటికీ అంబాదాస్ గారు, వారి సతీమణి జగదేవి గారు సంపూర్ణారోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలనీ, ఎనిమిదో ఏట ఆ గుట్ట ఎక్కి బతికిన మొక్కలను ఆయనే లెక్కించాలనీ, ఆ లెక్క ఆయనను కాదన్నా నన్ను కాదన్నా ఆ మాట నాకు ఆయన నోటనే వినిపించాలనీ మనసారా కోరుకుంటున్నాను.