పద్నాలుగో రోజు ప్యూపా

సీతాకోకచిలుకల ల్యాబ్‌లో సీనియర్ కంప్యూటర్ ముందు కూర్చుని తన పరిశోధన పేపర్ జర్నల్‌కి పంపబోతోంది. జూనియర్ చెత్తబుట్ట పట్టుకుని పరుగున వచ్చింది.

"అక్కా, ఆగు! పంపకు! ముందు ఆ మౌస్ వదులు!"

"ఏంటే, కొంపలంటుకున్నట్టు ఆ పరుగు?"

"నాలుగు రోజుల కిందట చచ్చిపోయిందని పారేసిన ప్యూపా కదులుతోంది!"

"బుట్ట ఊపుకుంటూ వస్తే కదలదా మరి?"

"ఊపితే రెక్కలొస్తాయా? చూడు, పగిలి సగం బయటికొచ్చేసింది!"

"అయ్యో, నిజమే! ఇది మన సంకరం పిల్లేనా?"

"అదే! పసుపు చార తల్లి జాతిది, నల్ల అంచు తండ్రి జాతిది. కనబడట్లా?"

"పదో రోజుకి రాకపోతే చచ్చినట్టే కదే. రెండు జాతులూ అంతే కదా."

"అమ్మానాన్నలు పది రోజుల్లో వస్తే పిల్లలూ అలాగే రావాలని ఎక్కడుందక్కా? దీనికి ఇవాళ పద్నాలుగు!"

"మరి సంకరం పిల్లలు బతకవని పేపర్ నిండా రాశాను..."

"అందుకే పంపకు అంటున్నా!"

"ఉండు, ఉండు. మిగతావి ఎక్కడ పెట్టావ్?"

"ఫ్రీజర్లో. ముప్పై ఆరు. పదో రోజు సాయంత్రమే పెట్టేశా. చోటు చాలక ఇదొక్కటే బుట్టలో పడింది."

"అంటే నాలుగు రోజులుగా ఫ్రీజర్లోనేనా?"

"అవునక్కా. పోనీ తిట్టు."

"నిన్నెందుకు తిట్టడం? ఆ రూలు పెట్టింది నేను. దాన్ని కదపకు, రెక్కలు ఆరనీ. నేను మన గైడ్ సార్‌కి ఫోన్ చేస్తా."

"ఏమని చెప్తావ్?"

"ఆ ముప్పై ఆరింటినీ మనమే చంపామని."