మగ్గం కాడ ఆరాం

గద్వాలలో ఒక నేతన్న ఇంటి వసారా. చలికాలపు జ్వరం ముదిరి, ఊపిరితిత్తులకు నిమ్ము పట్టి, దవాఖానలో ఉండి వచ్చిన భూలక్ష్మిని పలకరించడానికి అమరచింత నుంచి ఆడపడుచు నర్సమ్మ దిగింది. భూలక్ష్మి బయటికి వెళ్లింది. ఆమె మొగుడు కురుమూర్తి మాత్రం, రోగమేదో తనకే వచ్చి తగ్గినంత నీరసంగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"...గందుకే చెప్తున్న అక్కా, రోగమొచ్చినోళ్లకేంది, పండుకుంటరు. చూసుకునెటోనికే కష్టం. నేను సగమైన."

"కనవడుతనే ఉంది తమ్మీ. బుగ్గలు జర నున్నగైనయి."

"అది మేకకాళ్ల పాయ తాగి. ఆమెకని అందరు తెస్తుండ్రు కద. మా అత్త తెచ్చింది, ఎదురింటి ఈరమ్మ తెచ్చింది. ఈమెకేమో నోరు చేదు, గొంతుల దిగదంటది. తెచ్చినోళ్ల మనసు నొప్పిస్తమా? పారవోస్తమా?"

"పాపం, నువ్వే తాగినవ్."

"నేనే తాగిన."

"ఇంతకు డాక్టరమ్మ ఏమన్నది?"

"మస్తు అన్నది. నెలదినాలు ఆరాం కావాలన్నది. సలిల తిప్పకన్నది. మగ్గం గుంత తేమగుంటది, గుంతల కాళ్లు వెట్టుకొని కూసుంటె మల్ల నిమ్ము ఎక్కుతది, దింపకన్నది."

"మరి దింపలే కద."

"ఉత్తగ ఎట్ల దింపుతనే అక్కా, నాకు తెల్వదా? ముందుగాల గుంతల గొంగడి పరిచిన. దాని కింద గోనెసంచి. నెత్తి మీద పెద్ద బల్బు ఏలాడదీసిన, వేడికి. పక్కకు ఫ్లాస్కుల ఉడుకునీళ్లు. చెవులకు నా మఫ్లరు నేనే కట్టిన. గవన్ని అయినంకనే దింపిన."

"దింపినవ్."

"పెండ్లానికి ఎవరన్న గంత చేస్తరా? పక్కింటి నేతగాడు యేసయ్య చూసి, అన్నా, నీలెక్క చూసుకునెటోడు గద్వాలల లేడు అన్నడు."

"ఏం నేస్తున్నది?"

"నేసేది నేనే. ఆమెది ఊకె కూసునే పని. కుట్టంచు చీర ఒక్కనితోని కాదు, నీకు తెల్వనిదా. నడుమ నూలుకు నేను దారం కండె వెట్టిన నాడె ఇసురుత, అంచు పట్టుకు ఆ కొసకు ఆమె ఉండాలె. ఆ దిక్కు మనిషి లేకుంటె అంచు అతుకదు. ముంగట మాఘమాసం పెండ్లిళ్లు. చీరెలు కొనే సేటు దినాం ఫోన్ చేస్తుండు."

"కూసున్నప్పుడు దగ్గుతదా?"

"దగ్గుతది. దగ్గొస్తె నేను నాడె ఆపుత."

"ఆపుతవా?"

"ఒట్టు అక్కా. దగ్గు అయినంక, అయిందా అని అడిగే ఇసురుత. నిన్న పొద్దంత గట్లనే ఆపుకుంట ఆపుకుంట నేసినం. నాకు మెడలు పట్టినయి."

"రాత్రి నిద్ర పడుతుందా?"

"యాడిది? ఆ దగ్గు సప్పుడుకు నాకు కన్ను మూతవడుతలే..."

"నీకు కాదు తమ్మీ. భూలక్ష్మికి."

"ఆమెకేమో, నాకు తెల్వదు. నాకంటె ముందు లేస్తది. నేను లేసేటాళ్లకు వాకిలి ఊడ్సి పొయ్యి ముట్టిచ్చి ఉంటది. వద్దంటె ఇనదు."

"వద్దన్నవా?"

"అంటనే... నేను లేసినంక అంట."

"మందులు ఏస్తున్నవా?"

"మందులకు ఏం లోటు లేదు. ఫోన్ల వచ్చిన చిట్కాలు గూడ ఒక్కటి ఇడువలే. మిరియాల కషాయం, పసుపు పాలు, శొంఠి, తమలపాకు రసం."

"ఎవరు కాస్తరు?"

"ఏంది?"

"కషాయం."

"ఆమెనే కాసుకుంటది. పక్కన నిలవడి నేను చదివి చెప్త. కొలత తప్పొద్దు కద."

"చూడవచ్చెటోళ్లు మస్తుగ వస్తుండ్రంట."

"దినాం. బ్రెడ్డు పాకిట్లు వట్టుకొని వస్తరు, ఆరాం చెయ్యమని గంటసేపు చెప్తరు. చాయ వొయ్యకుంట పంపితె ఏమనుకుంటరు? గదొక్కటే ఆమె పని. ఇగో, ఇప్పుడు గూడ నీ చాయకనే పాలకు పంపిన. జర జర నడువుమన్నది డాక్టరమ్మ."

"గా ఒక్క మాట మంచిగ యాదికున్నది నీకు."

"ఇంక రాలేదేంది? పాలకేంద్రం మూలమీదనే కద. చీకటి వడకముందు మూరెడన్న నెయ్యాలె. ఫోన్ చేద్దమంటె... ఇంట్లనే ఇడిసిపోయిందేమో. లేదీడ. చార్జర్ గూడ లేదు. పాలకు చార్జర్ ఎందుకే అక్కా?"

"కూసో తమ్మీ."

"మందుల సంచి ఏది? ఈ మేకుకు ఉండె."

"కూసో అంటున్న. ఆమె పాలకు పోలే. నా కొడుకు రంజిత్ మూలమీద కారు వెట్టుకొని ఉండె. ఈపాటికి అమరచింత తొవ్వల ఉంటరు. మా ఇంట్ల మగ్గం లేదు. నెలదినాలు ఆమెను మంచం దిగనియ్యొద్దని మా కోడలికి చెప్పే వచ్చిన."

"నాకు ఒక్క మాట చెప్పకుంటనా? ఆరాం లేదు, కూసోలేనంటె నేనే పంపకపోదునా?"

"మొన్న చెప్పిందంట కద. నువ్వు ఫ్లాస్కు కొనుక్కొచ్చినవంట."

"ఉడుకునీళ్లు దగ్గరుంటె కూసుంటదనుకున్న."

"ఫోన్ల ఏడ్సింది తమ్మీ. పానం పోతున్నట్టున్నది వదినా, కాని ఆయన నన్ను గింత మంచిగ చూసుకుంటుండు, ఏమని చెప్పాలె అన్నది."

"నేనేం తక్కువ చేసిన అక్కా?"

"ఏం తక్కువ చెయ్యలే. గదే నాకు బుగులై ఉరికొచ్చిన."

"సరే, పోతె పోయింది. మరి ఆ దిక్కు ఎవరు కూసుంటరు? సేటుకు ఏం చెప్పాలె?"

"నేను కూసుంట. నువ్వు నాడె వట్టకముందే నాయిన నాకు కుట్టంచు నేత నేర్పిండు. కాని పొద్దుగాల వాకిలి నువ్వు ఊడ్సినంకనే మగ్గం మీదికి వస్త. నేను చూసిపోనీకె రాలే తమ్మీ, ఉండనీకె వచ్చిన."